పన్నెండు ఆదివారాలు

నేను ఒక తిరిగే స్టూలుని. మూడు ఇనప కాళ్ళు, నడుమ మరలు కోసిన లావుపాటి కడ్డీ, దాని మీద గుండ్రటి టేకు పలక. ఒకవైపు తిప్పితే లేస్తాను, రెండోవైపు తిప్పితే దిగుతాను. ఇప్పుడు నా మీద ఒక నీళ్ళకుండ ఉంది. కుండకి ఊపిరి ఉండదు కనక నాకూ కాస్త నిశ్చింతగానే ఉంది.

మనుషులు కూర్చున్న రోజుల్లో ఈ నిశ్చింత ఎక్కడిది? మీరు మొహాలు చూసి ఒకరినొకరు గుర్తుపడతారు. నాకు మొహంతో పనిలేదు. మనిషి బరువెంత, ఏ పక్కకి ఒరుగుతున్నాడు, మాట మధ్యలో ఊపిరి ఎక్కడ తెగుతోంది, ఇవీ నాకు తెలిసేవి. మొహానిదేముంది, పౌడరు రాసుకుని సర్దుకోవచ్చు. కూర్చోవడాన్ని సర్దుకోవడం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరికీ చేతకాలేదు.

పుట్టింది రాజమండ్రిలో, ఒక లేతు షెడ్డులో. మేస్త్రీ వరహాలు నా కడ్డీకి మరలు కోస్తూ పక్కవాడితో కబుర్లలో పడ్డాడు. చెయ్యి జారి ఒకచోట మర కాస్త చెదిరింది. "ఈమాత్రం దానికి ఎవడు చూడొచ్చాడులే" అని నల్లరంగు పూసేసి చేతులు దులుపుకున్నాడు. ఆ చెదిరిన చోటు మూలంగానే, నిండైన మనిషి కూర్చుంటే కిర్రుమంటాను. తేలికపాటి మనిషైతే నోరెత్తను.

అక్కణ్ణించి తునిలో డాక్టరు పేర్రాజుగారి గదికి వచ్చాను. ఇరవై రెండేళ్ళు ఆయన రోగుల్ని మోశాను. ఆయన స్టెతస్కోపు వీపు మీద పెట్టి "ఊపిరి పీల్చు, వదులు" అనేవారు. ఆ పీల్చడంలో వదలడంలో ఏముందో పలక కింద నాకూ తెలిసిపోతూ ఉండేది. గొప్పలు చెప్పుకోవడం కాదుగానీ, క్షయ రోగం ఉన్నవాళ్ళని ఆయనకంటే నెల ముందే పోల్చేవాణ్ణి. వారం వారం కొంత బరువు తగ్గుతుంది, కూర్చున్నవాళ్ళు ముందుకి వంగి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటారు, మాటకీ మాటకీ మధ్య ఎడం పెరుగుతుంది. తెలిసి ఏం లాభం, నాకు నోరుంటే కదా. డాక్టరుగారు పోయాక ఆయన సామానంతా వీధిన పెట్టి అమ్మారు. అలా సోమరాజుగారి ఫోటో స్టూడియోకి చేరాను.

స్టూడియో మేడమీద ఉండేది, పధ్నాలుగు మెట్లెక్కాలి. ఉత్తరం వైపు ఒక పెద్ద కిటికీ, దానికి తెల్లటి తెర. మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా, దానికో నల్లగుడ్డ, నొక్కడానికి రబ్బరు బుడ్డి. సోమరాజుగారు చేయి తిరిగిన మనిషి. అయితే నేను వెళ్ళిన ఆరేళ్ళకి ఆయనకి కళ్ళలో నీటికాసులు వచ్చాయి. మొదట పక్కల ఉన్నవి కనిపించడం మానేశాయి, తరవాత ఎదురుగా ఉన్నవి. ఊళ్ళోవాళ్ళకి ఆ సంగతి పొక్కింది. రెండు పెళ్ళి ఫోటోలు మసకగా వచ్చేసరికి మెట్లెక్కేవాళ్ళు కరువయ్యారు.

అప్పుడు ఆయన భార్య భ్రమరాంబ కెమెరా ముట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, మితభాషి, పట్టుపట్టిందంటే వదలదు. పిల్లాజెల్లా లేరు. ఆ స్టూడియో మూతపడితే ఇద్దరూ ఎవరి పంచనో చేరాలి. "ఆడమనిషి ఫోటో తీస్తదంటారా?" అని కింద కిరాణా కొట్టులో నవ్వుకోవడం ఆవిడ చెవిన పడుతూనే ఉండేది.

సోమరాజుగారు పేము కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని పాఠం చెప్పేవారు. "ముందు కస్టమర్లని తియ్యకే. వాళ్ళ మొహం నిండా మొహమాటం ఉంటది. ఒక్క మనిషిని పట్టుకో. అదే కిటికీ, అదే స్టూలు, అదే మనిషి. పన్నెండు ఆదివారాలు తియ్యి. తెర జరుపుకో, అట్ట అడ్డం పెట్టుకో, వెలుతురు ఒక్కటే మార్చు. మొహమంటే ఏటో నీకే బోధపడతది. మా గురువు నాకు అలాగే నేర్పేడు."

ఆ ఒక్క మనిషి దొరకడమే కష్టమైంది. పక్కింటి కోడలు ఒక ఆదివారం వచ్చింది, రెండో ఆదివారానికి వాళ్ళత్తగారు, అన్నిసార్లు ఫోటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఆపేసింది. ఎదుటి దర్జీ కూర్చున్నాడు గానీ, కదలకుండా ఒక్క నిమిషం ఉండలేకపోయాడు. చివరికి హంసవేణి ఒప్పుకుంది.

హంసవేణి పౌరాణిక నాటకాల్లో రాణి వేషాలు వేసేది. నలభై రెండేళ్ళు. పద్యం ఎత్తుకుందంటే రెండు వీధుల అవతల చుట్ట కాలుస్తున్నవాడు కూడా చుట్ట నోట్లోంచి తీసి వినేవాడు. వాల్‌పోస్టర్ల మీద పన్నెండేళ్ళ కిందటి ఫోటోయే ఇంకా వేస్తున్నారని ఆవిడకి బెంగ. కొత్త ఫోటోలు ఊరికే వస్తాయంటే ఎందుకు కాదంటుంది?

మొదటి ఆదివారం నా మీద కూర్చోగానే గట్టిగా కిర్రుమన్నాను.

"నీ స్టూలు నన్ను మొయ్యలేనంటోందే అమ్మాయ్" అని పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకి నా మూడు కాళ్ళూ కదిలాయి.

"రెండు సెకన్లు ఊపిరి బిగపట్టాలక్కా" అంది భ్రమరాంబ, నల్లగుడ్డలోంచి.

"రెండేటి? పద్యం ఆఖర్న రాగం తీస్తే నేను ఎంతసేపు పడతానో ఎప్పుడూ వినలేదా? నీకెంత కావాలో అంత తీసుకో."

నిజంగానే రాయిలా కూర్చుంది. పేర్రాజుగారు "పీల్చు, వదులు" అనేవారు, ఇక్కడేమో "పీల్చకు, వదలకు" అంటున్నారు, అదొక్కటే నాకు వింతగా ఉండేది. ఫోటో మాత్రం బాగా రాలేదు. మొహమంతా ఒకటే తెలుపు, ముక్కు ఎక్కడ మొదలైందో తెలియదు. సోమరాజుగారు అడిగి అడిగి చెప్పించుకునేవారు. ముక్కు నీడ ఎటు పడింది, కంట్లో కిటికీ కనబడుతోందా, బుగ్గ కింద ఏముంది. "బుగ్గ కింద ఏమీ లేదండీ, అంతా ఒకటే" అనేది భ్రమరాంబ, ఏడుపు గొంతుతో.

రెండో ఆదివారం, మూడో ఆదివారం అలాగే గడిచాయి. నాలుగోసారి హంసవేణి కూర్చున్నప్పుడు నాకు ఏదో తేడాగా తోచింది. బట్ట మందంగా తగిలింది, లోపల మనిషి పలచగా తగిలింది. ఆవిడ లంగా మీద ఇంకో లంగా కట్టుకుని వచ్చింది. చలికాలం కూడా కాదు. నా పలక కింద పాత భయం ఒకటి కదిలింది. పేర్రాజుగారి గది వాసన ముక్కుకి తగిలినట్టయింది, నాకు ముక్కు లేకపోయినా సరే.

ఆ రోజు ఫోటో చూసి భ్రమరాంబ మొహం విప్పారిందట. "బుగ్గ కింద నీడ పడిందండీ! సన్నగా, గీత గీసినట్టు." తెర రెండంగుళాలు పక్కకి జరిపినందుకే ఆ నీడ వచ్చిందనుకుంది పిచ్చితల్లి. సోమరాజుగారు కూడా, "చెప్పేను కదా, వెలుతురు నీ మాట వింటోంది" అని మురిసిపోయారు. తెర మాట వినలేదండీ, కండ కరిగింది. ఆ గదిలో అది తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఒకదానికి నోరు లేదు, రెండోది నోరు విప్పదు.

ఆవిడ ఎందుకు విప్పదో కూడా చెప్పాలి. నాటకాల కాంట్రాక్టరుకి దగ్గు వినిపించిందంటే, మర్నాడే రాణి కిరీటం ఇంకొకరి నెత్తిన ఉంటుంది. ఆవిడకి వెనకా ముందూ ఎవరూ లేరు, గొంతే ఆధారం. అందుకే దగ్గు మెట్ల మీదే దగ్గేసుకుని, కాసేపు నిలబడి, పమిట సర్దుకుని, నవ్వుతూ పైకి వచ్చేది. మొదట్లో పధ్నాలుగు మెట్లూ ఒక్క ఊపున ఎక్కిన మనిషి ఆరో ఆదివారానికి రెండుసార్లు ఆగింది.

ఒక్కొక్క ఆదివారం ఫోటో మెరుగవుతూ వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి. దవడ ఎముక మీద వెలుతురు నిలిచింది. మెడ దగ్గర నీడకి లోతు వచ్చింది. కస్టమర్ల నెగటివుల మీద ముడతలు పోవడానికి భ్రమరాంబ సన్నటి పెన్సిలుతో గంటలకొద్దీ దిద్దేది. హంసవేణి నెగటివులకి పెన్సిలు పెట్టే అవసరమే రాలేదు. కాకినాడలో జిల్లా ఫోటోల పోటీ జరగబోతోందని తెలిసి, పన్నెండో ఆదివారం ఫోటో దానికి పంపాలని మొగుడూ పెళ్ళాం నిర్ణయించుకున్నారు. బహుమతి వస్తే ఊరు నోరు మూసుకుంటుంది, మెట్లెక్కుతుంది. వాళ్ళ ఆశ అంతా దాని మీదే.

ఎనిమిదో ఆదివారం హంసవేణి వచ్చి కూర్చుంది. నేను కిర్రుమనలేదు. అనాలని ఎంత ప్రయత్నించినా మరలోంచి చప్పుడు రాలేదు. ఫోటో అయిపోయి ఆవిడ వెళ్ళాక సోమరాజుగారు అడిగారు.

"స్టూలుకి నూనె పెట్టేవేటే?"

"లేదండీ. ఏం?"

"చప్పుడు చెయ్యలేదు. ఎప్పుడూ ఆవిడ కూర్చుంటే చేసేది."

 భ్రమరాంబ అల్మారాలోంచి ఫోటోలన్నీ తెచ్చి, నా పక్కనే నేలమీద వరసగా పేర్చింది. అంతవరకూ ఒక్కొక్కటీ విడిగా చూసిందే గానీ, వరస పెట్టి చూడలేదు. చూస్తూ చూస్తూ నా పలక మీద మోచెయ్యి ఆనించింది. మొదటిదాన్ని తీసి ఆఖరిదాని పక్కన పెట్టింది. హమ్మయ్య, తెలిసింది, ఇక పరవాలేదు అనుకున్నాను. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

"ఆవిడకి ఒంట్లో బాగుందా?" అన్నారు సోమరాజుగారు.

"బాగానే ఉందండీ. నాటకాలు ఎక్కువగా ఉన్నాయి కదా, తిరుగుడు" అంది భ్రమరాంబ. ఫోటోలు ఒకదాని మీద ఒకటి పేర్చి అల్మారాలో పెట్టేసింది.

నాకు నోట మాట రాలేదు. అసలు ఎప్పుడూ రాదనుకోండి, అయినా ఆ పూట రాలేదు.

మీరు ఆవిణ్ణి తిట్టుకోకండి. తిట్టుకున్నా నేనేమీ అననుగానీ, ఆవిడ రాక్షసి మాత్రం కాదు. నాలుగు వారాలే కదా, పన్నెండు పూర్తి కాగానే దగ్గరుండి నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను అని మనసులో అనుకుని ఉంటుంది. మనుషులు తమతో తాము కుదుర్చుకునే ఒప్పందాలు నాకు కొత్త కాదు. పేర్రాజుగారి దగ్గర కూడా రోగులు, పండగ అయ్యాక మందు మొదలెడతానండీ అనేవారు.

తొమ్మిదో ఆదివారం భ్రమరాంబ నల్లగుడ్డలోంచి బయటికి వచ్చి, హంసవేణి ఎదురుగా నిలబడింది.

"అక్కా" అంది.

"ఏటమ్మాయ్?"

హంసవేణి నా మీద బిగుసుకుపోయింది. ఒకరు అడుగుతారేమోనని ఒకరు, ఒకరు చెబుతారేమోనని ఒకరు, ఇద్దరూ ఊపిరి బిగపట్టారు. కిటికీ తెర కూడా కదలలేదు.

"గడ్డం కాస్త ఇటు" అంది భ్రమరాంబ.

పదో ఆదివారం రెండు సెకన్లు ఊపిరి పట్టడం హంసవేణి వల్ల కాలేదు. బుడ్డి నొక్కిన మరుక్షణం భుజాలు అదిరాయి, ఫోటో చెదిరింది. "ఏటోనమ్మా, పొద్దున మంచినీళ్ళు కూడా తాగలేదు" అంది.  భ్రమరాంబ తెర ఇంకా తెరిచి, వెలుతురు పెంచి, ఒక్క సెకనులో పని కానిచ్చింది. ఉపాయం తెలిసిన మనిషే మరి.

పదకొండోసారి ఫోటో అయ్యాక హంసవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకోలేక దగ్గింది. ఆ కొంగుని మడిచి, ఇంకా మడిచి, నడుముకి దోపుకుంది. ఆవిడ వెళ్ళాక నా పలక అంచున ఒక చుక్క మిగిలింది. ఎర్రగా ఉంది. భ్రమరాంబ దాన్ని చాలాసేపు చూసింది. తడిగుడ్డ తెచ్చి తుడిచింది, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచింది. లోపల సోమరాజుగారు రేడియో వింటున్నారు. ఆయనకి చెప్పలేదు. ఆ వారం రోజులూ నేను ఆ గదిలో భయంతో నిలబడ్డాను.

పన్నెండో ఆదివారం తీసిన ఫోటో గురించి ఏం చెప్పను? చూసినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు, లోపల దీపం పెట్టినట్టుంది మొహం అని. హంసవేణి తలెత్తి కిటికీకేసి చూస్తూ ఉంటుంది. కళ్ళలో కిటికీ చిన్నదిగా మెరుస్తూ ఉంటుంది. ఆ క్షణాన నా మీద ఉన్నది ఒక పదేళ్ళ పిల్ల బరువు, రెండు లంగాలు.

సోమవారం పొద్దున భ్రమరాంబ పోస్టాఫీసుకి వెళ్ళి ఫోటో పోటీకి పంపింది. మధ్యాహ్నం హంసవేణి గదికి వెళ్ళి, కాదూ కూడదంటున్నా వినకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ముందు పోస్టాఫీసు, తరవాత ఆసుపత్రి. ఆ రోజు రాగానే నా మీద కూలబడి సోమరాజుగారితో చెప్పింది. ఒక ఊపిరితిత్తి పూర్తిగా పాడైపోయిందిట. ప్రాణానికి భయం లేదుగానీ శానటోరియంలో ఏడాది పైనే ఉండాలిట. "నెల రోజుల ముందు తీసుకొచ్చి ఉంటే ఊపిరితిత్తి దక్కేదమ్మా అన్నాడండీ డాక్టరు."

"నెల ముందు మనకేటి తెలుసు?" అన్నారు సోమరాజుగారు.

ఆవిడ లేచి, నా పలక అంచుని మళ్ళీ తుడిచింది.

ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో వేశారు. అచ్చం అనుకున్నట్టే ఊరంతా మెట్లెక్కింది. ఆడమనిషని నవ్వినవాళ్ళే భార్యల్నీ కూతుళ్ళనీ వెంటపెట్టుకుని వచ్చారు. బహుమతి ఫోటో పెద్దది చేయించి గోడకి తగిలించారు. వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని చూపించి, "మాకూ అలాగే రావాలండీ" అనేవారు. బొద్దుగా ఉన్న అమ్మాయిలు నా మీద కూర్చుని బుగ్గలు లోపలికి పీల్చుకునేవారు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

పధ్నాలుగు నెలలకి ఒక ఉదయం మెట్ల మీద అడుగులు వినిపించాయి. నాలుగు మెట్లకి ఒకసారి ఆగుతూ వచ్చాయి. వచ్చింది హంసవేణి.

ఆవిడ కూర్చోగానే నేను హాయిగా కిర్రుమన్నాను. శానటోరియంలో పాలూ గుడ్లూ పెట్టి ఒళ్ళు తేర్చి పంపారు. మనిషి మునుపటి బరువుకి వచ్చింది. అయితే రెండు మాటలకొకసారి ఊపిరి అందుకుంటోంది. ఆ గొంతు ఇక పద్యం ఎత్తుకోలేదు.

"పేద కళాకారులకి సర్కారు పింఛనిస్తోందటమ్మాయ్. దరఖాస్తుకి చిన్న ఫోటో కావాలంట. నీ చేత్తోనే తియ్యి" అంది.

భ్రమరాంబ నల్లగుడ్డలో దూరింది. బయటికి వచ్చి తెర జరిపింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. అట్ట ముక్క అడ్డం పెట్టింది, తీసేసింది. నన్ను ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. పింఛను కాగితం మీద తపాలాబిళ్ళంత ఫోటోకి అంత హడావిడి దేనికి? ఎంతసేపైనా బుడ్డి మాత్రం నొక్కలేదు.

"తల కాస్త దించక్కా" అంది. "ఊఁ... ఇంకొంచెం. బుగ్గలు కాస్త లోపలికి పట్టు."

హంసవేణి కదలలేదు. గోడమీది ఫోటోకేసి చూసింది. చూసి, మెల్లిగా అడిగింది.

"నీకెప్పుడు తెలిసిందమ్మాయ్?"

నల్లగుడ్డ కింద భ్రమరాంబ అలాగే ఉండిపోయింది. అబద్ధం చెప్పడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. మొహం కనపడదు కదా.

"ఎనిమిదో ఆదివారం" అంది.

"నాకు నాలుగో వారమే తెలుసులే. కూటి కోసం దాచుకున్నాను. ఎవరైనా కనిపెట్టి, రెక్క పట్టుకుని లాక్కెళ్తే బాగుణ్ణని కూడా ఉండేది." ఆగి ఊపిరి అందుకుంది. "మరి తెలిసేక, ఆ నాలుగు ఆదివారాలూ ఏం చేశావే?"

"ఫోటోలు తీశానక్కా."

హంసవేణి కోప్పడలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. గుమ్మం దగ్గర చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, మెట్లు దిగింది. ఎక్కడెక్కడ ఆగిందో ఇద్దరం వింటూనే ఉన్నాం. తరవాత వీధి చప్పుళ్ళలో కలిసిపోయింది. పింఛను ఫోటో ఇంకెక్కడో తీయించుకుందని తరవాత విన్నాను.

భ్రమరాంబ గుడ్డలోంచి బయటికి వచ్చి నా మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేను అంతమందిని మోశాను గానీ, అంత బరువుగా ఎవరూ కూర్చోలేదు.

"హంసవేణే కదే వచ్చింది? ఎలా వచ్చింది ఫోటో?" అన్నారు లోపల్నించి సోమరాజుగారు.

"తియ్యలేదండీ. వెలుతురు సరిపోలేదు" అంది.

అప్పుడు ఉదయం పదకొండు గంటలు. కిటికీ నిండా వెలుతురు ఉంది.